తెరచాప పడవలో మారుమూల పసిఫిక్ దీవికి చేరుకోవడం ఎలా? (ఫిజీలోని ఫులాంగా ఉదాహరణతో)

ఆక్లండ్‌లోనూ సిడ్నీలోనూ ఉంటూ వారాంతాల్లో పడవ నడపడం నేర్చుకున్న తెలుగువారు కొందరు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణం ఎలాగో శిక్షణలో చెప్పారు గానీ, దీవి కనిపించిన తరువాత ఏం చేయాలో ఎవరూ సరిగా చెప్పలేదన్నది వారి ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదే. నడిసముద్రంలో పడవలు నాశనం కావడం అరుదు. చివరి మూడు మైళ్లలో, పగడపు దిబ్బల మధ్యనే ఎక్కువగా పోతాయి. అందుకే ఈ వ్యాసంలో ఆ చివరి భాగాన్నే వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్నది ఫిజీకి తూర్పున ఉన్న లావు దీవుల సమూహంలోని ఫులాంగా. అక్కడ విమానాశ్రయం లేదు, ఓడరేవు లేదు. ఒక లగూన్ (దిబ్బ లోపలి సముద్రపు మడుగు), దానిలో పుట్టగొడుగుల్లా లేచిన సున్నపురాతి తిప్పలు, చుట్టూ పగడపు దిబ్బ, లోపలికి వెళ్లడానికి ఈశాన్య వైపున ఒక ఇరుకైన దారి, చిన్న గ్రామాలు ఉన్నాయి.

ముందుగా పేర్ల గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే పటం చూసి తికమక పడతారు. ఫిజీ భాషను రోమన్ లిపిలో రాసినప్పుడు 'జి' అక్షరాన్ని 'ఙ' అనీ, 'క్యూ' అక్షరాన్ని 'ంగ' అనీ, 'డి' అక్షరాన్ని 'ంద' అనీ, 'సి' అక్షరాన్ని మెత్తని 'ద' లాగానూ పలుకుతారు. మన వర్ణమాలలో ఉండి కూడా బడి దాటాక ఎవరికీ పని పడని 'ఙ' అక్కడ ప్రతి వాక్యంలోనూ వినిపిస్తుంది. పటంలో 'నాది' లాగా కనిపించే ఊరు 'నంది' అవుతుంది, 'కడావు' లాగా కనిపించేది 'కందావు' అవుతుంది. రేడియోలో పేరు సరిగా పలకకపోతే అవతలివారికి మీరు ఎక్కడున్నారో అర్థం కాదు.

కావలసినవి

పత్రాలు: పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషను, గత రేవు నుంచి తెచ్చుకున్న క్లియరెన్సు, ఫిజీలో ప్రవేశించిన తరువాత తీసుకునే దీవుల సంచార అనుమతి పత్రం.

పడవలో: నమ్మదగిన ఇంజను, శుభ్రమైన డీజిల్, బరువైన లంగరు, కనీసం 60 మీటర్ల గొలుసు, గొలుసును పైకి తేల్చడానికి నాలుగైదు చిన్న బుంగలు, లోతు కొలిచే సాధనం, వీహెచ్ఎఫ్ రేడియో, రిజిస్టరు చేసిన ఈపర్బ్ (ప్రమాదంలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పరికరం), మీ చార్ట్ ప్లాటర్ (సముద్ర పటాన్ని తెర మీద చూపే యంత్రం)తో సంబంధం లేని మరొక జీపీఎస్, ముందే దించుకుని భద్రపరచుకున్న ఉపగ్రహ చిత్రాలు.

మనుషులకు: పోలరాయిడ్ నల్ల కళ్లద్దాలు (మామూలువి పనికిరావు), ఈత కళ్లద్దాలు, మోకాళ్లు దాటే 'సులు' వస్త్రం తలా ఒకటి.

గ్రామానికి: యంగోనా వేర్లు, ఒక్కో గ్రామానికి అర కిలో చొప్పున. నీటిలో కలిపి తాగే ఈ వేరుకే బయట ఎక్కువగా వాడే పేరు కావా. పొడి కాకుండా వేర్లే కొనండి; కట్టగా కట్టి, పాత వార్తాపత్రికలో చుట్టి, రిబ్బను కట్టి ఇస్తారు. ఈ కట్టను పడవ అడుగున ఉన్న పెట్టెలో పెట్టకండి. నేను మొదటిసారి అలాగే పెట్టి, పది రోజుల తరువాత తీసి చూస్తే కాగితం చెమ్మకు వేరుకు అంటుకుపోయి, చివర్ల తెల్లని బూజు పట్టింది. గాలి ఆడే చోట వేలాడదీయడం మంచిది.

1. ముందు అధికారిక రేవులో ప్రవేశం పొందండి

టాంగా నుంచి పడమరకు వచ్చేవారికి లావు దీవులు దారిలోనే తగులుతాయి. ఆగిపోవాలని మనసు లాగుతుంది. ఆగకూడదు. ఫిజీలో మొదటి అడుగు సువా, లౌటోకా, లెవుకా, సవుసవు వంటి ప్రవేశ రేవుల్లోనే పెట్టాలి. అంతకు ముందు ఏ దీవిలో దిగినా చట్ట ఉల్లంఘన అవుతుంది. చేరడానికి కనీసం 48 గంటల ముందు రాక సమాచార పత్రాన్ని పంపాలి. రేవులో పసుపు జెండా ఎగురవేసి, ఆరోగ్య, జీవభద్రత, కస్టమ్స్, ఇమిగ్రేషన్ అధికారులు వచ్చి పని ముగించే వరకు ఎవరూ ఒడ్డుకు దిగకూడదు. తిండి పదార్థాలన్నీ ప్రకటించండి. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ అయినా సరే, దాచకుండా చూపించండి. వారు తీసుకుపోతే పోతుంది. దాచి దొరికితే యాత్రే పోతుంది.

లావుకు వెళ్లేవారికి వనువా లేవు దీవిలోని సవుసవు అనుకూలమైన రేవు. సరుకులు, డీజిల్, యంగోనా అన్నీ అక్కడ దొరుకుతాయి. దుకాణాల బోర్డుల మీద నాయుడు, రెడ్డి అన్న పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 1879లో లియోనిదాస్ ఓడతో మొదలైన గిర్మిట్ (ఒప్పంద) కూలీల వలస 1903 నుంచి మద్రాసు రేవుకూ విస్తరించింది. ఆ ఓడల్లో వెళ్లిన తెలుగువారి సంతతి వారు ఫిజీలో నేటికీ ఉన్నారు. వారిలో ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. లావు దీవుల సంగతి వేరు. అక్కడ మీకు ఎదురయ్యేది ఇతౌకేయి (ఫిజీ మూలవాసుల) గ్రామాలు, వారి ఆచారాలు, వారి భాష.

2. కాలాన్ని, గాలిని ఎంచుకోండి

దక్షిణ పసిఫిక్‌లో తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. మే నుంచి అక్టోబరు మధ్యనే వెళ్లండి. ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు 15 నుంచి 25 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ల) వేగంతో వీస్తాయి. ఫులాంగా సవుసవుకు సరిగ్గా ఆగ్నేయంలోనే ఉంది కాబట్టి, నేరుగా కొలిస్తే సుమారు 185 నాటికల్ మైళ్ల ఆ దూరం ఎదురుగాలిలో రెట్టింపు దూరంలా అనిపిస్తుంది. అల్పపీడన ద్రోణి దగ్గరయ్యేటప్పుడు గాలి ఒకటి రెండు రోజులు ఈశాన్యానికి, ఉత్తరానికి తిరుగుతుంది. దాని కోసం రేవులో వారం ఆగినా నష్టం లేదు. తేదీ పెట్టుకుని బయలుదేరేవారే దెబ్బ తింటారు.

3. అక్షాంశ రేఖాంశాలను ఇద్దరు విడివిడిగా సరిచూడండి

ఫిజీని 180 డిగ్రీల రేఖాంశం మధ్యగా కోస్తుంది. సవుసవు తూర్పు రేఖాంశంలో ఉంటే, ఫులాంగా సుమారు 19 డిగ్రీల 8 నిమిషాల దక్షిణం, 178 డిగ్రీల 34 నిమిషాల పశ్చిమంలో ఉంది. అలవాటు కొద్దీ 'పశ్చిమం' బదులు 'తూర్పు' నొక్కితే మీ గమ్యం సుమారు 160 నాటికల్ మైళ్లు పడమరకు, కందావు దీవి పరిసరాలకు జరిగిపోతుంది. యంత్రం అభ్యంతరం చెప్పదు, ఎందుకంటే అక్కడ కూడా సముద్రమే ఉంది. ఒకరు నమోదు చేస్తే మరొకరు దూరం, దిశ చూసి కాగితం మీద సరిచూడాలి.

ఇక పటాల సంగతి. ఈ ప్రాంతపు పటాల్లో కొన్నింటికి ఆధారం పాత కొలతలే. జీపీఎస్ మీ స్థానాన్ని మీటర్లలో కచ్చితంగా చెప్పవచ్చు, కానీ పటం మీద గీసిన దిబ్బ అసలు దిబ్బకు వందల మీటర్ల దూరంలో ఉండవచ్చు. కాబట్టి ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి. చార్ట్ ప్లాటర్‌లో దారి గీసిన తరువాత, ఆ దారి పొడవునా పటాన్ని పెద్దది చేసి ఆసాంతం చూడండి. చిన్నదిగా ఉన్నప్పుడు దిబ్బలు మాయమవుతాయి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచం చుట్టే తెరచాప పందెంలో వెస్టాస్ విండ్ జట్టు పడవ హిందూ మహాసముద్రంలోని కార్గాడోస్ కరజోస్ దిబ్బల మీదికి రాత్రివేళ పూర్తి వేగంతో ఎక్కడానికి ప్రధాన కారణం ఇదే. ప్రపంచ స్థాయి నావికులకు జరిగినది మనకు జరగదన్న ధీమా వద్దు.

4. చేరే గంటను నిర్ణయించి, వెనక్కి లెక్క కట్టండి

ఈ వ్యాసంలో ఒక్క అంశమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. దిబ్బల్లోని దారి ముందుకు మీరు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 12 గంటల మధ్య చేరాలి. సూర్యుడు ఎత్తుగా, మీ వెనుక ఉన్నప్పుడే నీటి అడుగు కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే నీరంతా వెండి రేకులా మెరిసి, మీటరు లోతున ఉన్న పగడం కూడా కనిపించదు.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఆ లెక్కే మనసులో నాటుకుపోయి ఉంటుంది. ఫిజీలో జూన్, జూలై నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఫులాంగా దారి ఈశాన్యాన ఉంది కాబట్టి మీరు నైరుతి దిశగా లోపలికి వెళతారు, ఉదయం 10 గంటల సూర్యుడు సరిగ్గా మీ వీపు వెనుక ఉంటాడు. అదే సాయంత్రం 4 గంటలకు వెళితే పడమటి ఎండ మీ కుడిపక్క నుంచి వాలుగా పడి నీటి మీద మెరుస్తుంది.

లెక్క ఇలా కట్టాలి. సగటు వేగం 5 నాట్లయితే 185 మైళ్లకు 37 గంటలు పడుతుంది. ఎల్లుండి ఉదయం 10 గంటలకు చేరాలంటే ఈ రాత్రి 9 గంటలకు బయలుదేరాలి. గాలి అనుకూలించక ఆలస్యమై, సాయంత్రానికి దీవి కనిపించిందనుకోండి: లోపలికి వెళ్లకండి. దీవికి పది మైళ్ల దూరంలో పడవను నిలపండి. ముందరి చిన్న తెరచాపను గాలి వచ్చే వైపుకు లాగి కట్టి, పడవ గాలికేసి తిరిగేలా చుక్కానిని బిగిస్తే అది ఒకటి రెండు నాట్ల వేగంతో మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటుంది. ఆ జరిగే దిశ దీవి వైపు గానీ, పక్క దిబ్బ వైపు గానీ లేదని చూసుకుని, వంతులవారీగా కాపలా కాయండి.

నేను ఒకసారి మరో దీవి దగ్గర ఈ నియమాన్ని పాటించలేదు. మూడున్నర దాటింది, అందరికీ ఆకలి, లోపల నీరు అద్దంలా ఉంది. 'పది నిమిషాల పని' అనుకుని వెళ్లాము. కీల్ (పడవ అడుగున కిందికి పొడుచుకొచ్చే భాగం) పగడానికి రాసుకున్న చప్పుడు, రోలు మీద గులకరాయి నూరినట్టు, కాళ్ల కింది చెక్కలోంచి పంటి దాకా వచ్చింది. పడవకు దెబ్బ తగలలేదు. అది కేవలం అదృష్టం.

5. దీవిని గుర్తించండి

ఫులాంగా సున్నపురాతి దీవి కాబట్టి కొంత దూరం నుంచే గట్టులా కనిపిస్తుంది. పూర్తిగా ఇసుకతో ఏర్పడిన వలయాకార దీవులైతే కొబ్బరి తలలు ఎనిమిది, పది మైళ్ల దూరానికి వస్తే గాని కనిపించవు. ముందు దీవి కాదు, నీటి మీద గీసిన గరుకు గీత కనిపిస్తుంది. మేఘాలన్నీ గాలికి కదులుతుండగా ఒకటి మాత్రం కదలకుండా ఉంటే దాని కింద నేల ఉండే అవకాశం ఎక్కువ. తెల్లని టెర్న్ పక్షులు సాయంత్రం ఒకే దిశగా తిన్నగా ఎగురుతుంటే ఆ దిశలో నేల ఉంది; ఉదయం అయితే అవి నేల నుంచి దూరంగా వెళుతుంటాయి. 1976లో హోకులేయా పడవను యంత్రాలేవీ లేకుండా హవాయి నుంచి తాహితికి నడిపిన మావు పియాయ్‌లుగ్ వంటి సంప్రదాయ నావికులు వాడిన గుర్తులు ఇలాంటివే. మీరు వాటినే నమ్ముకోనక్కరలేదు, కానీ జీపీఎస్ చెప్పినదాన్ని సరిచూడటానికి వాడండి.

6. దిబ్బలోని దారి దాటడం

దారికి మైలు దూరంలో ఉండగానే ఈ పనులు ముగించండి: ఇంజను ఆన్ చేసి పది నిమిషాలు నడవనివ్వండి, వెనక్కి వెళ్లే గేరు కూడా పరీక్షించండి, చేపల గాలపు తాళ్లు లోపలికి లాగండి (ప్రొపెల్లర్‌కు చుట్టుకునేవి ఇవే), పెద్ద తెరచాపను క్షణంలో ఎత్తగలిగేలా ఉంచండి, లంగరును వదలడానికి సిద్ధం చేయండి.

ఆ తరువాత ఆగి, దారిని చూడండి. ఫిజీలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు ఒక మీటరు నుంచి ఒకటిన్నర మీటర్లే, అయినా లగూన్‌లోని నీరంతా ఒక్క ఇరుకు దారి గుండా పోవాలి కాబట్టి ప్రవాహం బలంగా ఉంటుంది. పైగా అలలు దిబ్బ మీదుగా దూకి లగూన్‌ను నింపుతుంటాయి. పెద్ద అలలున్న రోజుల్లో పోటు వేళల పట్టికలో పోటు అని ఉన్నా నీరు బయటికే పారవచ్చు. అందుచేత సువా పట్టికలోని వేళ అంచనాకు మాత్రమే. కళ్లు చెప్పినదే తీర్పు.

దారి అడ్డంగా తెల్లగా అలలు విరుగుతుంటే వెళ్లకండి. మధ్యలో నీరు నునుపుగా, రెండు వైపులా మాత్రమే నురుగు ఉంటే అది దారి. నిలబడిన చిన్న అలలు ఒకే చోట ఎగురుతుంటే ప్రవాహం గాలికి ఎదురుగా ఉందని అర్థం. గంటసేపు ఆగి మళ్లీ చూడండి.

నీరు పూర్తిగా నిలిచిన వేళ అన్నిటికన్నా మేలు. అది దొరకకపోతే, ఎదురుగా వచ్చే బలహీన ప్రవాహం వెనుక నుంచి తోసే ప్రవాహం కన్నా మంచిది. ఎదురు ప్రవాహంలో పడవ మెల్లగా కదులుతున్నా చుక్కాని మాట వింటుంది. వెనుక నుంచి తోస్తే ఆగడం మీ చేతిలో ఉండదు. ఇంజను వేగం 5 నాట్లు, ఎదురు ప్రవాహం 3 నాట్లయితే నేల మీద మీ వేగం 2 నాట్లు. అంతకన్నా తగ్గేలా ఉంటే ప్రయత్నించవద్దు. ఈ నిర్ణయం బయటే జరగాలి. ఇరుకులోకి వెళ్లాక వెనక్కి తిరగడం ముందుకు వెళ్లడం కన్నా ప్రమాదకరం.

ఒకరు పడవ ముక్కున, వీలైతే తెరచాప కొయ్య మీద ఎత్తున నిలబడి నీటి రంగు చూడాలి. ముదురు నీలం లోతుకు గుర్తు. లేత నీలి ఆకుపచ్చ, కింద ఇసుకతో అయిదారు మీటర్లు. పాలిపోయిన ఆకుపచ్చ రెండు మూడు మీటర్లు. గోధుమ రంగు గానీ పసుపు గానీ కనిపిస్తే అది పగడం, మీ కీల్‌కు అందేంత దగ్గరలో ఉందనుకోండి. మేఘపు నీడ కూడా గోధుమ మచ్చలా కనిపించి భయపెడుతుంది. అయిదు నిమిషాలు ఆగితే నీడ కదులుతుంది, దిబ్బ కదలదు. ఇంజను చప్పుడులో కేకలు వినిపించవు కాబట్టి చేతి సైగలు ముందే అనుకోండి. చేయి చూపిన వైపు పడవ తిరగాలా, లేక ఆ వైపు దిబ్బ ఉందా అన్నది ముందే తేల్చుకోని జంటలు దారి మధ్యలో పోట్లాడుకోవడం నేను చూశాను. సైగ ఎప్పుడూ 'వెళ్లవలసిన దిశ'నే చూపాలి.

లోపలికి వెళుతున్నంతసేపూ జీపీఎస్‌లో మీ జాడను నమోదు చేయండి. దీని అవసరం తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది.

7. లంగరు వేయడం

ఇసుక చూసి వేయండి. పగడం మీద వేస్తే పగడం విరుగుతుంది, లంగరు ఇరుక్కుంటుంది, రెండూ నష్టమే. గొలుసు పొడవుకు లెక్క ఇది: ఇప్పటి లోతు 8 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు 1 మీటరు, ఇంకా పెరగబోయే పోటు 1 మీటరు, మొత్తం 10, దానికి అయిదు రెట్లు 50 మీటర్లు. చాలామంది మొదటి అంకెనే గుణించి 40 దగ్గర ఆపేస్తారు.

ఇసుక మధ్యలో అక్కడక్కడా పగడపు గుట్టలుంటాయి. గాలి తిరిగినప్పుడు గొలుసు వాటికి చుట్టుకుని క్రమంగా పొట్టిదవుతుంది. లంగరు నుంచి లోతుకు సుమారు రెండు రెట్ల గొలుసు వదిలాక, అక్కడి నుంచి కొన్ని మీటర్లకు ఒకటి చొప్పున బుంగలు కట్టితే మిగతా గొలుసు గుట్టల మీదుగా తేలుతుంది.

పట్టు సరిచూసుకోవడం ఇలా: ఇంజనును మెల్లగా వెనక్కి నడిపి, ఒడ్డున ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు గుర్తులను చూడండి. చెట్టు, దాని వెనుక రాయి చాలు. అవి ఒకదాని నుంచి ఒకటి విడిపోకుండా ఉంటే పడవ జారడం లేదు. ఆ తరువాత నీటిలో దిగి లంగరును కళ్లారా చూడండి. రాత్రి రెండు గంటలకు గొలుసు పగడం మీద గరగరలాడుతూ మేల్కొలిపితే, చీకట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.

8. ముందు పెద్దల అనుమతి, తరువాతే ఈత

లగూన్, అందులోని చేపలు, తిప్పలు అన్నీ గ్రామానికి చెందినవి. ఈత, చేపల వేట, షికారు ఏదైనా సెవుసెవు అనే అనుమతి తంతు తరువాతే మొదలుపెట్టాలి. లంగరు వేసిన రోజే గానీ మర్నాడు గానీ వెళ్లండి. ఆదివారం వద్దు, ఆ రోజు చర్చికి, విశ్రాంతికి మాత్రమే.

మగవారూ ఆడవారూ సులు కట్టుకోవాలి, భుజాలు కప్పుకోవాలి. గ్రామంలో టోపీ, నల్ల కళ్లద్దాలు తీసేయాలి. సంచీని భుజాన కాక చేత్తో పట్టుకోవాలి. ఫులాంగాలో లగూన్ వైపు డింగీ (ఒడ్డుకు చేర్చే చిన్న పడవ) దిగి, కాలిబాటన ఊరికి నడవాలి. ఎదురైన మొదటి మనిషికి 'బులా' అని పలకరించి, తురంగ ని కోరో, అంటే గ్రామ పెద్ద, ఎక్కడున్నారని అడగండి. ఆయనే మిమ్మల్ని దొరగారి, అంటే వంశపారంపర్య నాయకుడి, దగ్గరికి తీసుకువెళతారు.

చెప్పులు బయట విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. కాళ్లు దొరగారి వైపు చాపకూడదు. యంగోనా కట్టను చేతికి ఇవ్వకుండా ఆయన ముందు నేల మీద ఉంచండి. మీ తరఫున పెద్ద మాట్లాడతారు. ఆ తరువాత యంగోనా కలిపి ఇస్తే, చిప్ప అందుకునే ముందు బోలు అరచేతులతో ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చి మూడుసార్లు కొట్టండి. మట్టి నీటిలా ఉంటుంది, నాలుక కాస్త మొద్దుబారుతుంది, అంతే. ఎక్కువ వద్దనుకుంటే చిప్ప సగమే నింపమని ముందే చెప్పవచ్చు. అందుకున్న తరువాత సగంలో వదిలేయకూడదు.

సంచార అనుమతి పత్రాన్ని అప్పుడే చూపించండి. గ్రామ రుసుము అడిగితే బేరమాడకండి. ఫులాంగాలో ఒక్కో పడవకు ఒక ఆతిథ్య కుటుంబాన్ని కేటాయించే అలవాటుంది. వారి కోసం పంచదార, పిండి, గాలాలు, చదువుకునే కళ్లద్దాలు వంటివి తీసుకువెళ్లండి. మద్యం తీసుకువెళ్లకండి. 'వేసి' అనే చెట్టు చెక్కతో చెక్కిన గిన్నెలు కొనదలిస్తే నగదు ఉంచుకోండి. దిబ్బల దగ్గరి చేపల్లో సిగువటెరా విషం ఉండవచ్చు. రుచిలో గానీ వాసనలో గానీ అది తెలియదు, వండినా పోదు. ఏ చేప, ఏ వైపుది తినవచ్చో ఊరివారినే అడగండి.

తిరిగి బయలుదేరేటప్పుడు

వెళ్లే ముందు రోజు గ్రామ పెద్ద దగ్గరికి వెళ్లి సెలవు అడగాలి. చెప్పకుండా లంగరెత్తడం మర్యాద కాదు. ఇక వెలుతురు లెక్క ఈసారి తిరగబడుతుంది. బయటికి ఈశాన్యంగా వెళతారు కాబట్టి, లోపలికి రావడానికి అనువైన ఉదయం 10 గంటల సూర్యుడే ఇప్పుడు ఎదురుగా కళ్లలో కొడతాడు. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో సూర్యుడు వాయవ్యానికి జరిగి మీ ఎడమ పక్కకు వస్తాడు. నీరు కూడా నిలిచి ఉంటే అప్పుడు బయలుదేరి, వచ్చినప్పుడు నమోదు చేసుకున్న జాడ మీదుగానే వెళ్లండి. ఆ జాడ మీ పడవ నిజంగా దాటిన నీరు, పటంలో గీసిన నీరు కాదు. రెండూ ఒకచోట విభేదిస్తే జాడనే నమ్మండి, ముక్కున నిలబడిన మనిషి వద్దంటే మాత్రం జాడనూ పక్కన పెట్టండి.